రోడ్డు వెడల్పయినా అరుగు మిగలాలంటే

రోడ్డు విస్తరణలో ఇంటిముందు భాగం పోయాక చాలామంది అద్దాలు, ఏసీపీ (అల్యూమినియం పూత) షీట్లు బిగించి పైన లేపాక్షి బసవన్న బొమ్మ అతికిస్తారు. కడప వీధికి గుర్తు ఆ బొమ్మ కాదు, సాయంత్రం నలుగురు కూర్చునే నల్లబండ అరుగు. మీ హద్దులో రెండడుగుల జాగా మిగిలితే చాలు, దాన్ని మళ్లీ కట్టుకోవచ్చు.

పాత బండల్ని కూల్చేవాళ్లు రాకముందే తీయించండి. జేసీబీ పళ్లు తగిలితే బండ పొరలుగా విడిపోతుంది. సందుల్లోని గచ్చు రాల్చి, గడారితో అంచునుంచి మెల్లగా లేపించండి. సుద్దతో నంబర్లు వేసి ఫోటో తీసుకోండి. పడుకోబెట్టి పేర్చితే విరుగుతాయి, గోడకు ఆనించి నిలబెట్టండి. సుత్తి పిడితో తడితే ఖంగుమనేది మంచి బండ. మొద్దుగా పలికితే లోపల పగులున్నట్టే.

ఎక్కువమంది పొరబడేది ఎత్తు దగ్గర. ఇప్పటి నేలనుంచి కొలిచి కడితే, తర్వాత రోడ్డు లేచి అరుగు మెట్టయిపోతుంది. మున్సిపల్ ఇంజనీరింగ్ విభాగంలో రోడ్డుపక్క కొత్త కాలువ పైమట్టం కనుక్కొని, దానిపైన 18 అంగుళాలు పెట్టుకోండి. కాలువ మీదికి జరిపితే మళ్లీ పగలగొడతారు.

అరుగు లోపల నింపడానికి కూల్చిన గోడరాళ్లే వాడండి. బండల కింద ఒక పాలు సున్నం, మూడు పాళ్లు ఇసుక. సిమెంటైతే రేపు బండ లేపాల్సొచ్చినప్పుడు బండే పగులుతుంది, సున్నం విడుస్తుంది. రాతిసున్నాన్ని కొంచెం కొంచెంగా నీళ్లలో వేయాలి తప్ప దానిమీద నీళ్లు పోయకూడదు. కుతకుత ఉడికి చిమ్ముతుంది కాబట్టి కళ్లద్దాలు, తొడుగులు తప్పనిసరి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. చల్లారాక జల్లెడపట్టి 2 వారాలు నీళ్లకింద ఉంచండి. తొందరపడితే నీళ్లలో ఇంకా ఉడకని గడ్డలు తర్వాత ఉబ్బి సందులు లేచిపోతాయి.

వాలు వీధివైపు, అడుగుకు పావంగుళం. బండ అంచు అంగుళం ముందుకు రావాలి. వారం రోజులు తడి గోనెసంచులు కప్పండి, మన ఎండకు త్వరగా ఆరితే సున్నం పొడిగా రాలుతుంది.

మరకలకని మేస్త్రీ యాసిడ్ తెస్తే అక్కడే ఆపండి. ఈ నల్లబండ, అంటే కడపబండ, సున్నపురాయి. యాసిడ్ పడ్డచోట నురగొచ్చి, నలుపు పోయి బూడిదరంగు మచ్చ మిగులుతుంది. నీళ్లు, కొబ్బరిపీచు చాలు. పాలిష్ కూడా వద్దు, వానలో జారుతుంది.

పడమటి ముఖమైతే నల్లబండ సాయంత్రం దాకా కాలుతూనే ఉంటుంది, హద్దు దాటకుండా పైన పంచ (చూరు) దించండి. అరుగు అంచున గ్రిల్లు మాత్రం పెట్టకండి. సంతనుంచి మూటతో వచ్చే పెద్దావిడ కాసేపు కూర్చోవాలి కదా.