మిర్చి సీజన్‌లో మనిషి నిలబడాలంటే: ఒక గుమాస్తా చెప్పే రోజువారీ పద్ధతి

రైతుల సరుకును కమీషన్ మీద అమ్మిపెట్టే అడ్తి దుకాణంలో కొత్తగా చేరిన కుర్రాళ్లు నన్ను ముందుగా అడిగేది ఒకటే. "అన్నా, ఇన్ని తక్‌పట్టీలు తప్పు పోకుండా ఎట్ల రాస్తవ్?" తక్‌పట్టీ అంటే తూకం, ధర, రైతుకు వచ్చే పైసలు రాసిచ్చే చీటీ. కంప్యూటర్ గురించో, లెక్కల కిటుకు గురించో చెప్తానని చూస్తారు. "రాత్రి ఎన్నింటికి పన్నవ్ తమ్మీ? పొద్దుగాల ఏం తిన్నవ్?" అని నేను ఎదురు అడుగుతాను. నవ్వుతారు. ఫిబ్రవరి దాటి మార్చి వచ్చేసరికి ఆ నవ్వు ఉండదు.

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి సీజన్ ఎట్లుంటుందో తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ వైపు రైతులు చాలామంది ముందు రోజు రాత్రికే బస్తాలతో యార్డుకు చేరతారు. పొద్దున జెండా పాట, అంటే ఆ రోజు పై ధర తేల్చే వేలం. తర్వాత బస్తాలు చూసి ధర కట్టడం, కాంటా, తక్‌పట్టీ, పైసల లెక్క. మిర్చి రకాన్ని బట్టి తేజ ఒక ధర, వండర్ హాట్ ఒక ధర, చపాటా ఇంకో ధర, రంగు పోయిన తాలు మరో ధర. ఒక్క అంకె అటు ఇటు అయితే ఒక రైతు ఏడాది కష్టంలో తేడా వస్తుంది. ఆ అంకె రాసే మనిషి నిద్ర చాలక, కడుపులో చాయ్ తప్ప ఏమీ లేక కూర్చుంటే ఎంత తెలివి ఉండి ఏం లాభం?

పనిలో పైకి రావడం అంటే మా లైన్‌లో పెద్ద అర్థమేమీ లేదు. పోయిన ఏడాది మీ దుకాణానికి సరుకు తెచ్చిన రైతు ఈ ఏడాది కూడా మీ దగ్గరికే రావాలి. అందుకు లెక్క సరిగ్గా ఉండాలి, మాట నెమ్మదిగా ఉండాలి. ఈ రెండూ ఒంటి మీద ఆధారపడ్డవే. నా జుట్టు ఈ పనిలోనే నెరిసింది కాబట్టి ధైర్యంగా చెప్తున్నాను. మార్కెట్‌లోనే కాదు, బస్ డిపోలో చేసేవాళ్లకూ, పొద్దున్నే షట్టర్ ఎత్తే కిరాణావాళ్లకూ ఇందులో చాలావరకు పనికొస్తుంది.

ముందు ఒక సంగతి. పొద్దున ఐదింటికి యోగా, ఆరింటికి వాకింగ్ అని గోడకు కాగితం అంటించుకోకండి. బస్తాలు ఎక్కువొచ్చిన రోజే ఆ కాగితం పని అయిపోతుంది. మీరు వద్దన్నా రోజూ జరిగేవి కొన్ని ఉంటాయి కదా: జెండా పాట, కాంటా, మధ్యాహ్నం సద్ది విప్పడం, దుకాణం మూయడం. అలవాటును వాటికి ముడేయండి. "సద్ది తిన్నాక నడుస్తా" అనేది నిలుస్తుంది, "రెండింటికి నడుస్తా" అనేది నిలవదు.

ఇక నిద్ర. దీని మీదే ఎక్కువసేపు చెప్తాను, మిగతావన్నీ దీని వెనకే వస్తాయి. పెద్దవాళ్లకు కనీసం ఏడు గంటలు కావాలని డాక్టర్లు చెప్తారు. లెక్కను వెనక నుంచి వేయండి. ఆరింటికి యార్డులో ఉండాలంటే ఐదుకు లేవాలి. ఐదుకు లేవాలంటే పదికి కళ్లు మూతపడాలి. అంటే తొమ్మిదిన్నరకు ఫోన్ చేతిలో ఉండొద్దు, ఎనిమిదిన్నర లోపు తిండి అయిపోవాలి. దుకాణం ఆలస్యంగా మూసిన రోజు చపాతీయో, పెరుగన్నమో తేలిగ్గా తిని పడుకోండి. రాత్రి పదకొండుకు బిర్యానీ తిన్నవాడు పొద్దున తూకం చీటీలు చదివే తీరు చూస్తే మీకే తెలుస్తుంది.

పడుకునే ముందు స్నానం మర్చిపోవద్దు. మిర్చి దుమ్ము జుట్టులో, కనుబొమ్మల్లో, బనియన్‌లో ఉంటుంది. అట్లనే పడుకుంటే దిండుకు అంటుకుని రాత్రంతా దగ్గు, తుమ్ములు. యార్డు బట్టలు గది బయటే విప్పండి. చేతులు మండుతుంటే వట్టి నీళ్లతో ఎంత కడిగినా పోదు. మిర్చి ఘాటు నీటిలో కరగదు, నూనెలో కరుగుతుంది. ముందు వంట నూనె రాసి రుద్దండి, తర్వాత సబ్బుతో కడగండి. ఇది తెలియక కళ్లు నులుముకుని రాత్రంతా నిద్ర లేకుండా కూర్చునేవాళ్లు ప్రతి సీజన్‌లో కనిపిస్తారు.

మార్కెట్ దగ్గర గది తీసుకుని నలుగురైదుగురు కలిసి ఉండే పిల్లలకు ఇంకో తంటా. ఒకడు పడుకుంటే ఇంకొకడు రీల్స్ చూస్తుంటాడు. చీకటి పడితే ఒంట్లో నిద్ర పని మొదలవుతుంది, కంటి మీద వెలుతురు పడితే అది వెనక్కి పోతుంది. కళ్ల మీద నల్ల గుడ్డ కట్టుకోండి, చెవుల్లో దూది పెట్టుకోండి. పెళ్లిళ్ల రోజుల్లో బారాత్ డీజే మీ గల్లీలోంచి పోతే మాత్రం నా దగ్గర మందు లేదు. మరునాడు మధ్యాహ్నం కునుకే గతి.

ఆ కునుకు గురించి. కాంటాలు అయిపోయి తక్‌పట్టీల పని మొదలయ్యే ముందు కొంచెం సందు దొరుకుతుంది. ఇరవై నిమిషాలకు అలారం పెట్టి కళ్లు మూసుకోండి. అరగంట దాటనివ్వకండి. గాఢ నిద్రలో ఉండగా లేస్తే తల దిమ్ముగా ఉండి, పడుకోకముందుకన్నా పని మందగిస్తుంది. సేటు ఏమంటాడో అని జంకొద్దు. ఒకసారి సాయంత్రం లెక్క మొదటి కూడికకే కుదిరితే ఆయనే ఏమీ అనడు.

చాయ్ మానమని చెప్పను. చెప్పినా ఎవరూ వినరు, నేనూ తాగుతాను. కానీ చాయ్‌లోని కెఫీన్ సగం దిగడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. సాయంత్రం ఆరింటికి తాగింది రాత్రి పదకొండుకు కూడా సగం ఒంట్లోనే ఉంటుంది. నా పద్ధతిలో మధ్యాహ్నం మూడు తర్వాత చాయ్ లేదు. బేరం కుదిరిందని ఎవరైనా తెప్పిస్తే మజ్జిగ అడుగుతాను. చక్కెర సంగతి కూడా చూసుకోండి. కప్పు చిన్నదే, కానీ రోజుకు ఎనిమిది కప్పులంటే చక్కెర చెంచాలు మీరే లెక్కపెట్టుకోండి. లెక్కల మనుషులం కదా.

పొద్దుటి తిండి జెండా పాటకు ముందే పడాలి. పాట మొదలయ్యాక మధ్యాహ్నం దాకా దొరకదు. ఖాళీ కడుపుతో రెండు చాయ్‌లు, నాలుగు బిస్కెట్లు అంటే పదిన్నరకల్లా చేతులు వణుకుతాయి, కోపం ముక్కు మీద ఉంటుంది. మా ఇంట్లో రాత్రి చేసిన జొన్న రొట్టె ఒకటి, పప్పు గానీ పెరుగు గానీ, ఒక ఉడికిన గుడ్డు. ఎండాకాలం దగ్గరపడితే జొన్న అంబలిలో మజ్జిగ, ఉల్లిగడ్డ. జొన్నలో పీచు ఉంటుంది, పప్పులో, గుడ్డులో మాంసకృత్తులు ఉంటాయి కాబట్టి ఆకలి నెమ్మదిగా వస్తుంది. గదిలో ఉండే పిల్లలకు వండుకునే తీరిక లేకపోతే రాత్రి అన్నంలో పెరుగు కలిపి పెట్టుకుంటే సరి, పొద్దున ఉల్లిగడ్డ కొరుక్కుంటూ తినొచ్చు. సర్వపిండి నాకు ప్రాణం, కానీ దాని నూనె చూస్తే ఆదివారానికే మంచిదనిపిస్తుంది.

నీళ్ల విషయంలో యార్డులో ఒక చిక్కు ఉంది. చేతులకు మిర్చి ఉంటే బాటిల్ మూత ముట్టడానికి ఎవరికీ మనసు రాదు, దాంతో పొద్దంతా తాగరు. స్ట్రా ఉన్న బాటిల్ కొనుక్కోండి. కాంటా అయిన ప్రతిసారీ నాలుగు గుక్కలు. చాట పట్టే ఆడవాళ్లు బాత్‌రూమ్‌కు పోవాల్సి వస్తుందని నీళ్లే తాగరు. అది వాళ్ల తప్పు కాదు, దగ్గరలో శుభ్రమైన చోటు లేకపోతే ఎవరైనా అంతే చేస్తారు. మీ దుకాణం వెనక బాత్‌రూమ్ ఉంటే తాళం వాళ్లకూ ఇవ్వండి. ఏప్రిల్, మే ఎండ నలభై డిగ్రీలు దాటే ఊరు ఇది. నీళ్లు ఆపుకుంటే మూత్రంలో మంట, తలనొప్పి, వడదెబ్బ. చెమట బాగా పట్టిన రోజు మజ్జిగ గానీ ఓఆర్ఎస్ గానీ తాగండి. అట్లని తొక్కు రెండింతలు వేసుకోకండి. రోజు మొత్తం మీద ఉప్పు ఐదు గ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. అంటే ఒక చిన్న చెంచా.

నడక. హనుమకొండ వైపు ఉండేవాళ్లకు భద్రకాళి బండ్ ఉంది, సుబేదారి ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్ ఉంది. సీజన్‌లో అక్కడికి పోయే టైమ్ గుమాస్తాకు ఉండదు. వారానికి నూట యాభై నిమిషాలు చురుగ్గా నడిస్తే చాలని లెక్క. మా పని ఐదు రోజులు, అంటే రోజుకు ముప్పై. దాన్ని రెండు పదిహేనులు చేయండి: సద్ది తిన్నాక షెడ్ల నీడలో ఒకటి, రాత్రి తిన్నాక ఇంటి గల్లీలో ఒకటి. తిన్న తర్వాత నడిస్తే రక్తంలో చక్కెర ఒక్కసారిగా ఎగబాకదు. చీటీ ఇచ్చి రమ్మని కుర్రాడిని పంపే బదులు మీరే లేచి పోతే అదీ కలిసొస్తుంది. శని, ఆదివారాలు మార్కెట్‌కు సెలవు కాబట్టి అప్పుడు ఖిలా వరంగల్ మట్టికోట చుట్టూ తీరిగ్గా తిరగండి.

గుట్కా గురించి పొడుగు చెప్పను: మానేయండి. నోటి క్యాన్సర్ తెస్తుంది, అంతే. మందు సంగతి కొంచెం వేరు. "రెండు పెగ్గులేస్తే మంచిగ నిద్రొస్తది కాకా" అంటారు. రావడం వస్తుంది, కానీ నడిరాత్రి దాటాక తెగుతుంది. పొద్దున ఎర్రకళ్లతో జెండా పాటకు వచ్చేది వాళ్లే.

ధర పడిపోయిన రోజు రైతు మాట గట్టిగానే ఉంటుంది, ఉండాలి కూడా. ఆ గొడవ ఎక్కువగా మధ్యాహ్నం, ఇద్దరి కడుపులూ ఖాళీగా ఉన్నప్పుడు ముదురుతుంది. నేను చేసేది చిన్న పని. ముందు ఆయనకు కుర్చీ, మంచినీళ్లు. నేనూ తాగుతాను. తర్వాత కాంటా చీటీ ఇద్దరి మధ్య పెట్టి బస్తా బస్తాకూ పైకి చదువుతాను. ధర పెంచడం నా చేతిలో లేదు, టెన్షన్ తగ్గించడం మాత్రం కొంత ఉంది.

ఇవన్నీ ఒకేసారి మొదలుపెట్టొద్దు. ఒకటి పట్టుకోండి, నన్నడిగితే నిద్ర. 21 రోజులు చేస్తే అలవాటైపోతుందని ఎవరో అంటే నమ్మి, ఇరవై రెండో రోజు కష్టంగా ఉందని వదిలేస్తారు. లండన్ యూనివర్సిటీ కాలేజీ వాళ్లు 96 మంది మీద చేసిన పరిశోధనలో ఒక పని తనంతట తాను జరిగేదాకా సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులే, కొందరికి 254 దాకా అంచనా తేలింది. మధ్యలో ఒక రోజు తప్పితే పెద్దగా నష్టం లేదని కూడా అందులోనే ఉంది. బారాత్ పోయిన రాత్రి నిద్ర చెడితే మరునాడు మళ్లీ పదికే పడుకోండి, అంతే. జనవరిలో మొదలుపెడితే సీజన్ ముదిరేసరికి చాలామందికి కుదురుతుంది. మార్చిలో మొదలుపెట్టడం కష్టం.

రెండు చోట్ల జాగ్రత్త. ఒకటి శుక్రవారం రాత్రి. రేపు సెలవని రెండింటిదాకా మేల్కొని, శని, ఆదివారాలు పదింటికి లేస్తే ఒంటి గడియారం తప్పుతుంది. సరుకు ఎక్కువొచ్చే సోమవారం పొద్దుగాల అది మీ మీద పడుతుంది. సెలవు రోజైనా లేచే టైమ్ గంటకు మించి జరపొద్దు. రెండోది వానాకాలం. యార్డు ఖాళీగా ఉంటుంది, జెండా పాట లేక అలవాట్లను ముడేసే కొయ్య కూడా పోతుంది. అప్పుడు పిల్లల బడి బస్సో, పాలవాడి గంటో, ఏదో ఒకటి కొత్తగా పట్టుకోవాలి. నేనైతే పాలప్యాకెట్ కోసం కావాలనే దూరం దుకాణానికి నడుస్తాను.

చివరగా, ముప్పై దాటినవాళ్లు బీపీ, షుగర్ చూపించుకోండి. బస్తీ దవాఖానాలో గానీ, ఊళ్లో ఉంటే పల్లె దవాఖానాలో గానీ పైసలు లేకుండానే చూస్తారు. బీపీకి తలనొప్పి రావాలని లేదు, చాలామందికి ఏమీ తెలియదు. దీపావళి తర్వాత, పత్తి పని మధ్యలో ఒక పూట వీలు చేసుకుని పోతే మిర్చి మొదలయ్యేలోపు మందులో, తిండి మార్పో కుదుర్చుకునే టైమ్ ఉంటుంది. అంకెలు, తేదీ చీటీ మీద రాసి దుకాణం ఖాతా పుస్తకం అట్ట లోపల పెట్టుకోండి. ఇంట్లో పెడితే పోతుంది, ఆ పుస్తకం మాత్రం ఎవరూ పోగొట్టరు.