ఏటి లెక్క ఇంట్లోనే రాసుకోవడం ఎలా

భీమా, కల్యాణి, స్వర్ణముఖి ఏర్లు కలిసే తొండవాడకు (తిరుపతి దగ్గర) కిందుగా మా ఊరు. లెక్కల టీచరుగా రిటైరయ్యాక, ఏరు ఎన్నాళ్లు, ఎంత పారిందో రాసుకునే ఈ లెక్క మొదలుపెట్టాను. "ఒకప్పుడు ఏరు ఎట్లా పారేదో" అని రచ్చబండ దగ్గర అందరూ అంటారు. ఎందుకు తగ్గిందని అడిగితే ఒకరు వానలంటారు, ఒకరు బోర్లంటారు, ఇంకొకరు ఇసుకంటారు. ఏది ఎంతో తేల్చాలంటే నోటుబుక్కు, టేపు, గడ్డపార చాలు. మీ పక్కన పారేది నీవా అయినా, కౌండిన్య అయినా, పేరు లేని వంకైనా పద్ధతి ఇదే.

మొదట రాయాల్సింది తేదీలు. ఏరు ఏ రోజు వచ్చింది, ఏ రోజు ధార తెగింది, మధ్యలో ఎన్ని రోజులు పారింది. సంవత్సరాన్ని జనవరితో కాకుండా జూన్‌తో మొదలుపెట్టండి. మనకు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా పడే వానలే ముఖ్యం, ఆ నీళ్లు సంక్రాంతి దాటాక కూడా పారొచ్చు. జనవరి 1న లెక్క తెంచితే ఒకే ఏరు రెండు పేజీల్లో పడుతుంది. ధార తెగిందో లేదో అనుమానం వస్తే ఎండుటాకు వేసి చూడండి. గుంటలో నిలిచిన నీళ్లు ఆకును కదిలించవు. చూసే చోటు ఏటా ఒకటే ఉండాలి, మురుగు కాలువ కలిసే చోటుకు పైనే ఉండాలి.

పారే రోజుల్లో వారానికి ఒకసారి ఎంత పారుతోందో కొలవొచ్చు, మోకాలి లోతు దాటితే మాత్రం దిగకండి. ఏరు నేరుగా పారే చోట గట్టు మీద 10 మీటర్లు కొలిచి రెండు కర్రలు పాతండి. నీళ్ల వెడల్పు, నాలుగైదు చోట్ల లోతు తీసుకోండి. నారింజ పండు వదిలి ఎన్ని సెకన్లలో రెండో కర్ర దాటిందో చూడండి. మూడుసార్లు వదిలి సగటు తీయండి. వెడల్పు 4 మీటర్లు, సగటు లోతు పావు మీటరు, పండుకు 25 సెకన్లు పట్టిందనుకుందాం. వేగం సెకనుకు 0.4 మీటరు. మూడూ గుణిస్తే 0.4 ఘనపు మీటరు. పైనీళ్లు అడుగునీళ్ల కంటే వేగంగా పోతాయి కాబట్టి దాన్ని 0.85తో గుణించాలి. సెకనుకు 340 లీటర్లు, అంటే దాదాపు 12 క్యూసెక్కులు.

ఇక ఎండాకాలం. ఏరు ఎండినా ఇసుకలో చెలమ తీస్తే నీళ్లు ఊరతాయి. ప్రతి నెల ఒకటో తేదీన ఒకే చోట చెలమ తీసి, ఎంత లోతున నీళ్లు తగిలాయో రాయండి. ఇక్కడే నేను బోల్తా పడ్డాను. రెండో ఏడాది మే నెలలో నీళ్లు మొదటి ఏడాది కంటే రెండడుగులు పైనే తగిలాయి. సంబరపడి మా మరిదికి చెప్పాను. ఆయన ఏట్లోకి దిగి చుట్టూ చూసి, "వదినా, నీళ్లు పైకి రాలేదు, ఇసుకే కిందికి పోయింది" అన్నాడు. నేను ఇసుక పైనుంచి కొలిచాను. ట్రాక్టర్లు తోలేసిన ఇసుక సంగతి లెక్కలో లేదు. ఇప్పుడు వంతెన స్తంభం మీద పెయింటుతో గీత గీసి అక్కడినుంచి కొలుస్తున్నా. గీత నుంచి ఇసుకకు ఎంత, నీళ్లకు ఎంత అని రెండు అంకెలు. గట్టు మీది బావిలో నీళ్లను కూడా ఆ గీతతోనే పోల్చండి, మట్టానికి నీళ్ల గొట్టం పెట్టే మేస్త్రీ ఉంటే గంట పని. బావి నీళ్లు ఏటి అడుగు కంటే కిందికి దిగిపోతే, ఏరు భూమికి నీళ్లిస్తుందే తప్ప భూమి ఏటికి ఇవ్వదు. వాన ఆగిన పది రోజులకే ధార తెగడానికి పెద్ద కారణం అదే.

వాన లెక్కకు గోడలు నిలువుగా ఉండే డబ్బా, స్కేలు చాలు. చెట్లకు, మిద్దెకు దూరంగా పెట్టి రోజూ ఉదయం 8.30కి ఎన్ని మిల్లీమీటర్లో చూడండి. మొత్తంతో పాటు 2.5 మిల్లీమీటర్లు దాటిన రోజులెన్నో వేరుగా రాయండి. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ ఆవిరిని పట్టుకోగలదు, అందుకే పడితే కుండపోతగా పడే రోజులు పెరుగుతున్నాయి. ఏడాది మొత్తం మారకపోయినా నాలుగు రోజుల్లో కుమ్మరిస్తే నీళ్లు సముద్రానికి పోతాయి, భూమిలోకి దిగవు.

ఇప్పుడు అసలు పని. గ్రాఫు కాగితం మీద అడ్డంగా వాన, నిలువుగా ఏరు పారిన రోజులు. ఏ ఏటికాయేడు కాకుండా కలుపుకుంటూ పోవాలి: మొదటి ఏడాది, మొదటి రెండేళ్లు, మొదటి మూడేళ్లు. వాన, ఏరు కలిసి తగ్గితే గీత పెద్దగా వంగదు. వాన పడుతున్నా ఏరు తగ్గితే గీత ఒక ఏడాది దగ్గర పడుకుంటుంది. ఆ ఏడాది చుట్టుపక్కల ఏం జరిగిందో వెతకండి: కొత్త బోర్లా, ప్లాట్లు వేసి పూడ్చిన వంకా, పైన చెరువుకొచ్చే కాలువ మూసుకుపోయిందా? గూగుల్ ఎర్త్‌లో పాత చిత్రాలు దొరుకుతాయి. రెవెన్యూ రికార్డులో వంక పోరంబోకు అని ఉన్న చోట ఇప్పుడేముందో నడిచి చూడండి. అయితే గీత వంగగానే అంతా మనుషుల పనే అనకండి. కుండపోత రోజులు పెరిగినా గీత వంగుతుంది, వాన రోజుల్ని వేరుగా రాయమన్నది అందుకే. వాతావరణ శాఖ వాళ్లు సగటు వానకు 30 ఏళ్లు తీసుకుంటారు, మన అయిదేళ్ల పుస్తకంతో వాతావరణం మారిందని తీర్పు చెప్పలేం. మండలం పాత వాన లెక్కలు కూడా తెచ్చుకోవాలి.

పాత రోజుల కోసం పెద్దవాళ్లను అడిగేటప్పుడు "అప్పుడెట్లా ఉండేది" అనొద్దు, కథలు వస్తాయి. "అవ్వా, శివరాత్రికి ఏట్లో ఆఖరిసారి ఎప్పుడు మునిగావు? నీకప్పటికి పెళ్లయిందా?" అని అడగండి, ఏడాది దొరుకుతుంది. మా దగ్గర ఇంకో మెలిక, 1977లో పైన కల్యాణి డ్యాం కట్టారు. అంతకుముందు జ్ఞాపకాలను వేరే పేజీలో రాయాలి.

పుస్తకాన్ని మాత్రం కింది అరలో పెట్టకండి. 2021 నవంబర్ వరదలో నాది తడిసి, సిరా కరిగి, ఆ ఏడాది పేజీలే పోయాయి. ఇప్పుడు పెన్సిలుతో రాసి, నెలనెలా ఫోటో తీసి కోడలికి వాట్సాప్‌లో పంపుతున్నా.