ప్రోబయోటిక్ పాఠం 4: డబ్బా వెనక చివరి అక్షరాలు

పోయిన పాఠంలో ప్రోబయోటిక్ క్యాప్సూల్, అంటే మేలు చేసే బతికున్న బాక్టీరియా, "రోజూ ఒకే టైంకి వేసుకోండి" అని రాసి వదిలేశా, తప్పు నాదే. ఒకాయన క్యాప్సూల్ విప్పి పొగలు కక్కుతున్న రాగిజావలో కలుపుకుని తాగాడంట. ఇంకొకమ్మాయి హైదరాబాద్ మారథాన్‌కి మూడ్రోజుల ముందు మొదలెట్టి ఫ్లైఓవర్ మీద పొట్ట పట్టుకుని ఆగిపోయింది. వేడికి లాక్టోబాసిల్లస్ రకం బాక్టీరియా చచ్చిపోతాయి, గట్టి పెంకు కట్టుకుని ఉండే బాసిల్లస్ స్పోర్లు మాత్రం తట్టుకుంటాయి. మొదట్లో గ్యాస్ మామూలే, అందుకే రేస్‌కి కనీసం రెండు వారాల ముందు మొదలెట్టాలి. నేనైతే మధ్యాహ్నం పెరుగన్నం కలిపేటప్పుడు వేసుకుంటా, మర్చిపోయే ఛాన్సే లేదు.

సీఎఫ్‌యూ, అంటే బతికున్న బాక్టీరియా లెక్క, దాని సంగతి రెండో పాఠంలో అయిపోయింది, మళ్ళీ చెప్పను.

నాకు చిరాకు తెప్పించేది వేరే ఉంది. "సార్, నాది కూడా రామ్నోససే, చవగ్గా దొరికింది" అని ఫొటో పెడతారు. మా వీధిలో ముగ్గురు సుబ్బారావులున్నారు, డోర్ నంబర్ లేకపోతే కొరియర్ అబ్బాయి పార్సిల్ ఎవరికిస్తాడు? లాక్టోబాసిల్లస్ ఇంటిపేరు, రామ్నోసస్ సొంత పేరు, చివర జీజీ అని ఉంటుందే, అదీ డోర్ నంబర్, దాన్నే స్ట్రెయిన్ అంటారు. 2007లో వచ్చిన ఫిన్లాండ్ స్టడీలో 141 మంది మారథాన్ రన్నర్లకి మూడు నెలలు కొందరికి జీజీ, కొందరికి ఉత్తుత్తిది ఇచ్చారు, జలుబులేం తగ్గలేదు గానీ రేస్ అయ్యాక రెండు వారాల్లో వచ్చిన పొట్ట బాధ తొందరగా సర్దుకుంది. ఆ ఫలితం జీజీది, మీ డబ్బా మీద ఆ రెండక్షరాలు లేకపోతే మీది కాదు. 2020లో ఇంటిపేరు కూడా మార్చి లాక్టికేసిబాసిల్లస్ అన్నారు, పాతదున్నా కొత్తదున్నా కంగారొద్దు, చివరి అక్షరాలు చూడండి. పక్కనే 5 బిలియన్ సీఎఫ్‌యూ అంటే 500 కోట్లు, అది తయారీ రోజు లెక్కా, ఎక్స్‌పైరీ దాకా ఉండే లెక్కా అన్నది కూడా చూడండి.

బోస్టన్ మారథాన్ రన్నర్ల పేగుల్లో కనిపించిన బాక్టీరియా, వైలొనెల్లా, ఎక్కడ దొరుకుద్ది అని కూడా అడిగారు. 2019లో దాన్ని ఎలుకలకిస్తే 13 శాతం ఎక్కువసేపు పరిగెత్తాయి, మీరు ఎలుకలు కాదు కదా.

ఇక షుగర్ తగ్గుద్దా అనే సంగతి. టైప్ 2 ఉన్నవాళ్ళకి కొన్ని స్ట్రెయిన్లతో ఫాస్టింగ్ షుగర్ కాస్త తగ్గింది నిజమే, కానీ వారానికి 50 కిలోమీటర్లు పరిగెత్తి 88 చూపించేవాడికి ఇంకెక్కడికి తగ్గుద్ది? కండరాలే గ్లూకోజ్ లాగేస్తున్నాయి.

ప్రాక్టీస్: నాలుగు వారాలు క్యాప్సూల్ లేకుండా, నాలుగు వారాలు దాంతో, తిండి మార్చకుండా. ముందు రోజు రెస్ట్ ఉన్న పొద్దున మాత్రమే ఫాస్టింగ్ చూడండి, లాంగ్ రన్ మర్నాడు చూస్తే దేని ప్రభావమో తేలదు. గ్యాస్, విరేచనం, నిద్ర రోజూ రాయాలి. ఎనిమిది వారాల నోట్‌బుక్ లేకుండా "పనిచేయట్లేదు సార్" అంటే రిప్లై ఇవ్వను.