వానలకు ముందే డీజిల్ ట్యాంకు మార్పు: పాత పికప్ బండ్లవాళ్లకు జాగ్రత్తలు

ఒడిశాలోని రంభ, ఛత్రపురం, గోపాల్‌పూర్ తీరం వెంట చేపలూ ఉప్పూ మోసే పాత పికప్‌లకు చాలాసార్లు ఇంజిన్ కంటే ముందు డీజిల్ ట్యాంకు పోతుంది. హుమ్మా ఉప్పు మళ్ల వైపు తిరిగే బండ్లకైతే మరీ తొందరగా. ఐసు కరిగిన ఉప్పునీళ్లు బాడీ సందుల్లోంచి కారి ట్యాంకు మీద పడతాయి. అక్కడ పేరుకున్న బురద వాటిని ఆరనివ్వదు. బయటి తుప్పు ముందు పట్టేది ట్యాంకును మోసే పట్టీల కిందే, ఎందుకంటే ట్యాంకుకీ పట్టీకీ మధ్య ఉన్న రబ్బరు తడిని పట్టి ఉంచుతుంది. లోపలి తుప్పు దారి వేరు. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో రాత్రిపూట గాలిలోని తేమ గోడలకు బొట్లుగా పట్టి జారుతుంది. నీరు డీజిల్ కంటే బరువు కనుక అడుగునే నిలిచిపోయి, అక్కడి రేకును నెలల తరబడి తినేస్తుంది.

తప్తపాణి ఘాట్ ఎక్కుతుంటే బండి గుంజలేక ఆగిపోవడం, పది నిమిషాలు ఆపి స్టార్ట్ చేస్తే మళ్లీ మామూలుగా నడవడం దీనికి గట్టి గుర్తు. తుప్పు పొక్కులు ట్యాంకులోని జల్లెడకు అంటుకుని డీజిల్‌ను ఆపుతాయి, ఇంజిన్ ఆగితే వదులుతాయి. కొత్త ఫిల్టరు కొద్ది రోజులకే గోధుమరంగు బురదతో నిండుతున్నా, పట్టీ పక్కన తడి మచ్చ కనబడినా ఇక వాయిదా వద్దు. ఈ ప్రాంతంలో జూన్ మధ్యకల్లా వానలు దిగుతాయి, అక్టోబరులో తుఫాన్లు. 2013లో ఫైలిన్ తుఫాను తీరం దాటింది గోపాల్‌పూర్ దగ్గరే. పని మే నెలలో ముగించుకోవడం మేలు. అయితే మే నెలకు దాని ప్రమాదం దానికుంది.

డీజిల్ పెట్రోలులా అంటుకోదన్న ధీమా చాలామందికి ఉంటుంది. మన ప్రమాణాల ప్రకారం డీజిల్ ఫ్లాష్ పాయింట్ కనీసం 35 డిగ్రీలు ఉండాలి. అంటే ఆ వేడి దాటిన డీజిల్ నుంచి, నిప్పురవ్వకు అంటుకునేంత ఆవిరి లేవవచ్చు. మే మధ్యాహ్నం ఎండలో నిలబెట్టిన బండి ట్యాంకు ఆ వేడిని తేలిగ్గా దాటుతుంది. అందుకే పని తెల్లవారుజామున, చల్లారిన బండి మీద, ఆరుబయట మొదలుపెట్టండి. గుంత మీద మాత్రం వద్దు. డీజిల్ ఆవిరి గాలికంటే బరువు, గుంతలోకి దిగి అక్కడే నిలుస్తుంది. ముందుగా బ్యాటరీ నెగటివ్ తీసేయండి. వెలుతురుకు తీగ వేలాడే బల్బు కాకుండా ఎల్‌ఈడీ టార్చి వాడండి. పొడి రసాయనం నింపిన అగ్నిమాపక సిలిండరు, రెండు బక్కెట్ల పొడి ఇసుక పక్కన ఉండాలి. డీజిల్ మంట మీద నీళ్లు పోస్తే మంట తేలుతూ విస్తరిస్తుంది. బీడీ, సిగరెట్టు మాట హెల్పరుకు తెలుగులో చెప్పి ఊరుకోకండి. అతనికి ఒడియా బాగా వస్తే ఒడియాలోనే, పని మొదలుకాకముందే చెప్పండి.

పాత ట్యాంకుకు వెల్డింగ్ పెట్టించి ఇంకో వాన గడిపేద్దామనే ఆలోచన మానుకోవాలి. ఖాళీ చేసి వారం ఎండబెట్టినా అతుకుల్లో, తుప్పు పొరల్లో డీజిల్ మిగిలే ఉంటుంది. టార్చి వేడికి అది ఆవిరై, మూసి ఉన్న డబ్బాలో గాలితో కలిసి పేలుతుంది. నీళ్లు నింపి వెల్డ్ చేస్తే భయం లేదంటారు, కానీ పైమూలల్లో, మూతి దగ్గర కాస్త గాలి మిగిలినా చాలు. పైగా ఒకచోట చిల్లిపడిన రేకు పక్కన కూడా పలచబడే ఉంటుంది. అతుకు వేసిన చోటికి పక్కనే మళ్లీ కారుతుంది. దారిలో చిన్న చిల్లికి సబ్బుముక్క అదిమి ఇంటికి చేరడం వరకు సరే.

పట్టీల నట్లకు ముందురోజు సాయంత్రమే తుప్పు వదిలించే నూనె పట్టించి ఉంచండి. తెల్లారాక కూడా తిరగకపోతే హాక్సా బ్లేడుతో నిదానంగా కోయాలి. గ్రైండర్, గ్యాస్ టార్చి ట్యాంకు దగ్గరికి రానేకూడదు. చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టి, డ్రెయిన్ ప్లగ్గు తీసి డీజిల్‌ను శుభ్రమైన క్యాన్లలోకి దించండి. ప్లగ్గు బిగుసుకుపోయి ఉంటే చేతి పంపుతో తోడండి, నోటితో పీల్చడం వద్దు. గుటక పడకపోయినా ఊపిరితిత్తుల్లోకి చుక్క పోతే ప్రాణం మీదికి వస్తుంది. 60 లీటర్ల డీజిల్ దాదాపు 50 కిలోలు. నిండు ట్యాంకు పట్టీ తెగి మనిషి మీద పడకూడదంటే తోడిన తర్వాతే పట్టీ విప్పాలి. అప్పుడు కూడా కింద జాకీ మీద చెక్క పెట్టి ఆనించండి. జాకీ నేరుగా పెడితే తుప్పు రేకులోంచి దూసుకుపోతుంది.

పైపులు విప్పేటప్పుడు ఇంజిన్‌కు డీజిల్ పంపే సప్లై గొట్టం ఏదో, మిగిలినది ట్యాంకుకు తిరిగి తెచ్చే రిటర్న్ ఏదో, ట్యాంకుకు గాలి ఆడించే బ్రీదర్ ఏదో ఒక్కోదానికి ఒక్కో రంగు టేపు చుట్టండి. ఫోనులో ఫొటో తీసి ఉంచుకుంటే ఇంకా మంచిది. తిరిగి బిగించేటప్పుడు అవి అటూ ఇటూ అయితే బండి స్టార్ట్ కాదు, లేదా ట్యాంకు సగం ఖాళీ కాగానే గాలి పీలుస్తుంది.

కొత్త ట్యాంకు వేశాక కూడా పది రోజులకే పాత జబ్బు తిరిగొచ్చిందంటే తప్పు దాదాపు ఎప్పుడూ పైపుల్లోనే. ట్యాంకు మాత్రం మార్చి, తుప్పుతో నిండిన పైపులు అలాగే వదిలేస్తే ఆ పొక్కులు పంపు వైపే నడుస్తాయి. ఫిల్టరు దగ్గర పైపు విప్పి, ట్యాంకు వైపు కొసను డబ్బాలో పెట్టి, తక్కువ గాలి ఒత్తిడితో ఫిల్టరు చివర నుంచి ట్యాంకు వైపుకి ఊదండి. కళ్లద్దాలు పెట్టుకోండి. ఫిల్టరు గుండా ఎప్పుడూ ఊదకూడదు. రిటర్న్‌ కూడా విడిగా ఇంజిన్ దగ్గర విప్పే ఊదాలి. ఇనుప పైపు లోపల పొలుసులు ఊడుతుంటే దాన్ని మార్చేయండి. రబ్బరు గొట్టాలకు డీజిల్ కోసం తయారైనవే తీసుకోండి, పాత ముక్క చేతబట్టుకుని కొలత చూసి కొనండి. తోటకు వాడే పారదర్శక గొట్టం కొద్ది నెలలకే గట్టిపడి చీలుతుంది. జాయింట్లకు టెఫ్లాన్ టేపు చుట్టవద్దు, దాని పోగు తెగి ఇంజెక్టర్‌కు చేరుతుంది. మామూలు సిలికాన్ పేస్టు డీజిల్‌లో ఉబ్బి ఊడిపోతుంది. రాగి వాషర్లు, డీజిల్ మట్టం చూపే గేజ్ యూనిట్ కింది గాస్కెట్, క్లిప్పులు కొత్తవే వేయాలి.

ట్యాంకు ఎంపికలో తీరం బండ్లకు మా ఓటు ప్లాస్టిక్‌దానికే, మీ మోడల్‌కు సరిపోయేది దొరికితే. రేకుదే అయితే లోపల జింకు పూత ఉన్నది తీసుకోకండి, జింకు డీజిల్‌తో కలిసి సబ్బులాంటి మడ్డి కట్టి ఫిల్టరును మూస్తుంది. కొత్త ట్యాంకులో రెండు లీటర్ల డీజిల్ పోసి కుదిపి ఒక డబ్బాలోకి వంపేయండి. తయారీలో మిగిలిన రజను అప్పుడు బయటపడుతుంది. బయట రెడాక్సైడు, దాని మీద నల్ల రంగు, అతుకుల దగ్గర మరో పూత. గేజ్ ఎర్తు తీగ తగిలేచోట మాత్రం రంగు వద్దు, వేస్తే ముల్లు కదలదు. ప్లాస్టిక్ ట్యాంకుకు ఎర్తు తీగ విడిగా ఛాసిస్‌కు లాగాలి. కొత్త ట్యాంకు పైకి ఎక్కించకముందే గేజ్ ఫ్లోటును చేత్తో కిందికీ పైకీ కదిపి ముల్లు చూసుకోండి. ఎక్కించాక తేడా తెలిస్తే మళ్లీ మొత్తం దించాలి.

పట్టీ నట్లు రబ్బరు కాస్త అణిగేవరకే బిగించండి. అతిగా బిగిస్తే రేకు సొట్టపడుతుంది, ఘాట్ కుదుపులకు అక్కడే పగులుతుంది. నూరు కిలోమీటర్లు లోడుతో నడిచాక ఒకసారి బిగుతు చూడండి.

ఆ తర్వాత కనీసం 20 లీటర్ల శుభ్రమైన డీజిల్ పోసి కొత్త ఫిల్టరు వేయండి. ఇంజిన్ వైపు డీజిల్ ఎక్కించే బండి చేతి పంపును గట్టిపడేదాకా నొక్కి, ఫిల్టరు మీద గాలి వదిలే బ్లీడ్ మర వదులుచేసి, బుడగలు ఆగేదాకా గాలి పోనివ్వాలి. స్టార్టరు ఒకసారికి 15 సెకన్లకు మించి తిప్పకండి, మధ్యలో కొంతసేపు ఆగండి. ఇంజెక్టర్లన్నింటికీ ఒకే పైపు నుంచి అధిక ఒత్తిడితో డీజిల్ అందే కామన్ రైల్ బండిలో ఇంజెక్టర్ పైపులు వదులు చేయకూడదు. వెయ్యి బార్లకు మించిన ఒత్తిడితో చిమ్మే డీజిల్ చర్మం చీల్చుకు పోతుంది, గాయం చిన్నగా కనిపించినా అప్పుడే ఆసుపత్రికి వెళ్లాల్సిన విషయం. మొదటి 500 కిలోమీటర్లకు ఫిల్టరు మళ్లీ మార్చండి, మిగిలిన పొక్కులు అందులోనే ఆగుతాయి.

వానాకాలమంతా వారానికోసారి ఫిల్టరు కింది నీటి మర వదిలి చూడండి. సాయంత్రం బండి ఆపేముందు ట్యాంకు నింపుకునే అలవాటు ఉంటే లోపల తేమకు చోటు ఉండదు. తుఫాను దాటాక, నీట మునిగిన బంకులో డీజిల్ పోయించుకోకండి. ట్యాంకరు దించుతున్నప్పుడు కూడా ఆగడం మంచిది, అడుగు మడ్డి అప్పుడు పైకి లేస్తుంది.

పాత డీజిల్‌ను రెండు రోజులు కదపకుండా ఉంచి, పైన తేరినది సన్నని గుడ్డతో వడకట్టి వాడుకోవచ్చు, అడుగు అయిదు లీటర్లు వదిలేయండి. దాన్ని కాలువలో, బావి దగ్గర పారబోయకండి. పాత ట్యాంకును పాత సామాన్లవాడికి ఇచ్చేటప్పుడు మూతలన్నీ తీసి, ఇది డీజిల్ ట్యాంకని, గ్యాస్ కట్టర్‌తో కోయవద్దని స్పష్టంగా చెప్పి ఇవ్వండి.