కొనక ముందే కప్పెక్కండి: పాత మండువా ఇంటి మరమ్మతు లెక్క

పంచాయతీరాజ్ ఇంజనీరింగ్ శాఖలో ఎస్టిమేట్లు రాసి రాసి రిటైరయ్యాను. కోనసీమలో పాత ఇల్లు కొనాలనుకునేవాళ్లు ఇప్పుడు హైదరాబాదు నుంచీ డాలస్ నుంచీ ఫోన్ చేసి అడిగే మొదటి ప్రశ్న ఒకటే: “చదరపు అడుగుకు ఎంత అవుతుందండీ, సుమారుగా?” కొత్త ఇంటికి అది సరైన ప్రశ్నే. పాత ఇంటికి దానికి జవాబు లేదు. ఒకే వీధిలో, ఒకే కొలతతో, ఒకే కాలంలో కట్టిన రెండు మండువా లోగిళ్లలో, అంటే నడుమ ఆకాశం కనిపించే వాకిలి ఉన్న పాతకాలపు ఇళ్లలో, ఒకటి కొద్దిపాటి ఖర్చుతో తేరుకుంటుంది, రెండోది ఎంత పోసినా మింగుతూనే ఉంటుంది. తేడా అంతా మూడు చోట్ల ఉంటుంది: కప్పు, కలప, నీరు పోయే దారి. ఈ మూడింటినీ కొలిచి, పరిమాణాలు కాగితం మీద పెట్టి, తర్వాత ధరలు వేయాలి. రంగులు, టైల్సు, వంటగది అలమారాల లెక్క ఎవరైనా కట్టగలరు. వాటి జోలికి నేను పోను.

ఇల్లు చూడటానికి వెళ్లేటప్పుడు వెంట వడ్రంగిని తీసుకెళ్లండి. తాపీ మేస్త్రిని తర్వాత పిలవవచ్చు. వడ్రంగికి ఒక రోజు కూలి చేతిలో పెట్టండి, కానీ పని కూడా అతనికే ఇస్తానని మాత్రం చెప్పకండి. పని వస్తుందనే ఆశ ఉన్నవాడు మీరు భయపడి వెనక్కి వెళ్లకుండా ఖర్చు తగ్గించి చెబుతాడు. పొడవాటి టేపు, టార్చి, స్క్రూడ్రైవరు, నూలు దారం, తూకం గుండు, మేస్త్రీలు మట్టం చూసుకునే పారదర్శకమైన నీళ్ల గొట్టం ఉంటే చాలు. వీలైతే శ్రావణ భాద్రపదాల్లో, వాన కురుస్తుండగా వెళ్లండి. మధ్యవర్తులు మాఘమాసంలో చూపించడానికి ఇష్టపడతారు. అప్పుడు ఏ ఇల్లయినా పొడిగానే ఉంటుంది.

లోపలికి వెళ్లే ముందు వీధిలో నిలబడి రోడ్డు చూడండి. చాలా ఊళ్లలో పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే సిమెంటు రోడ్డు, కొన్నేళ్లకు దాని మీద మరో రోడ్డు వేశారు. ఒకప్పుడు మూడు మెట్లెక్కి చేరుకునే అరుగు ఇప్పుడు రోడ్డుతో సమంగా, కొన్నిచోట్ల రోడ్డుకంటే కిందికి ఉంది. మండువాలో పడిన వాన నీరు తూము ద్వారా వీధి కాలువలోకి పోవాలి. కాలువే ఎత్తయితే ఆ నీరు ఎక్కడికి పోతుంది? నీళ్ల గొట్టం ఒక కొస మండువా తూము దగ్గర, రెండో కొస వీధి కాలువ దగ్గర పట్టుకుని మట్టాల తేడా కొలవండి. నాలుగంగుళాల పైపుకు పది అడుగుల పొడవుకు రెండు అంగుళాల వాలు కావాలి. తూము నుంచి కాలువకు 50 అడుగులుంటే పది అంగుళాల తేడా ఉండాలన్నమాట. అది లేకపోతే మూడు దారులున్నాయి: పెరటివైపు పల్లం ఉంటే అటు కొత్త పైపు, లేదంటే గుంట తవ్వి మోటారు, అదీ కాకపోతే గదుల నేలలన్నీ ఎత్తు చేయడం. మొదటిది చవక. రెండోది కరెంటు పోయిన తుఫాను రాత్రి పనిచేయదు. మూడోదాన్ని ఎంచుకుంటే గుమ్మాలు పొట్టివై, ద్వారబంధాలు పైకి లేపాల్సి వచ్చి, ఒక్క నేల పని నాలుగు పనులవుతుంది. జాకీలు పెట్టి ఇంటినే పైకి లేపుతారు కదా అని కొందరు అడుగుతారు. మట్టి అడుసుతో కట్టిన గోడల ఇంటిని అలా లేపించమని నేను ఎవరికీ చెప్పను.

గోదావరి లంక గ్రామాల్లోనూ ఏటిగట్టు దగ్గరా అయితే ఇరుగుపొరుగు పెద్దవాళ్లను వరద సంగతి అడగండి. 1986 ఆగస్టు వరదలో నీరు ఎక్కడిదాకా వచ్చిందో గోడ మీద చెయ్యి పెట్టి చూపించగలిగేవాళ్లు ఇంకా ఉన్నారు. 2022 జూలై వరదైతే అందరికీ గుర్తే. అలాగే 1996 నవంబరు 6 తుఫాను తర్వాత కప్పు మార్చారా, మారిస్తే ఏ కలపతో అని కూడా అడగండి. ఆ హడావుడిలో అందిన కర్రతో, సరుగుడుతోనో చేవలేని కొబ్బరితోనో, సర్దేసిన కప్పులున్నాయి. అలాంటి కప్పు కింద నిలువు స్తంభాలు టేకువైనా సరే, పైనున్నదాన్ని కొత్తగానే లెక్కించాలి.

ఇక కప్పు. దీని దగ్గర తొందరపడకండి. మొత్తం లెక్కకు ఇదే వెన్నెముక.

ఉదాహరణకు బయటి గోడల కొలత 40 అడుగులు, 50 అడుగులు అనుకుందాం. చూరు చుట్టూ రెండేసి అడుగులు బయటికి వస్తుంది కాబట్టి కప్పు కొలత 44, 54. అంటే 2,376 చదరపు అడుగులు. మధ్యలో ఆకాశం కనిపించే భాగం, చూరు అంచు నుంచి అంచుకు, 8 అడుగులు, 12 అడుగులు అయితే 96 తీసేయాలి. మిగిలింది 2,280. ఇది నేల మీది నీడ కొలత మాత్రమే, కప్పు వాలుగా ఉంటుంది. ఒక అడుగు లోపలికి వెళ్లేసరికి ఏడంగుళాలు పైకి లేచే వాలుకు 1.16తో గుణించాలి. వచ్చేది సుమారు 2,650 చదరపు అడుగులు. చాలామంది గదుల కొలతలు కూడి కప్పు ఖర్చు వేస్తారు, అందుకే పెంకు సగం పని కాకముందే అయిపోతుంది.

బెంగుళూరు పెంకు వంద చదరపు అడుగులకు సుమారు 140 పడుతుంది. ఈ కప్పుకు 3,700 పైచిలుకు. దించేటప్పుడు పగిలేవి, నాచు పట్టి గుల్లబారినవి పోగా మూడో వంతు కొత్తవి కావాలనుకుంటే సుమారు 1,240. పాత పెంకు వెనకవైపు తయారీదారు ముద్ర చూసి, అదే అచ్చు పెంకు దొరుకుతుందో లేదో ముందే కనుక్కోండి. అచ్చు మారితే గాడిలో కూర్చోదు, కూర్చోని చోట వాన దిగుతుంది. అప్పుడు ఒక వాలంతా కొత్త పెంకుతో, మిగిలిన వాలులన్నీ పాత పెంకుతో నేయించడమే మార్గం. గూన పెంకు, అంటే అర గొట్టంలా ఉండే నాటు పెంకు, ఇల్లయితే ఈ లెక్క చెల్లదు. ఆ పెంకు పొరలుపొరలుగా పడుతుంది, నేసేవాళ్లు తక్కువ, ప్రతి ఏటా వానకు ముందు సర్దించాలి. ఆ ఏటా ఖర్చు కూడా రాసుకోండి.

పెంకు కింద రీపర్లు, అంటే పెంకు ఆనుకునే సన్నని కర్ర పట్టీలు. ఒకదాని నుంచి మరోదానికి అడుగు పైన అర అంగుళం దూరం వేస్తే ఈ కప్పుకు సుమారు 2,540 అడుగుల రీపరు. రెండంగుళాల వెడల్పు, అంగుళం మందం అయితే సుమారు 35 ఘనపు అడుగుల కర్ర. కప్పు విప్పాక రీపర్లన్నీ మార్చడమే నా పద్ధతి. పాతవాటిలో మంచివి ఏరి మళ్లీ వాడితే మిగిలే డబ్బుకంటే ఏరడానికయ్యే కూలి ఎక్కువ.

వాసాలూ దూలాలూ అలా కాదు, ఒక్కొక్కటీ విడిగా చూడాలి. స్క్రూడ్రైవరు పిడితో తట్టండి, గట్టి కర్ర ఖంగుమంటుంది, లోపల తిన్నది డొల్లగా పలుకుతుంది. దూలం నడుమ బాగానే ఉంటుంది, గోడలోకి దూరే కొసల దగ్గర చెమ్మకు కుళ్లుతుంది. స్క్రూడ్రైవరు మొన గుచ్చాల్సింది అక్కడే. సన్నని రంధ్రాలుంటే కింద కాగితం పరిచి మర్నాడు చూడండి. కొత్తగా పొడి రాలి ఉంటే పురుగు బతికే ఉంది. రంధ్రాలు పాతవై పొడి రాలకపోతే ఆ దూలం మీద కోప్పడనవసరం లేదు. దూలం రెండు కొసలకూ దారం బిగించి కట్టండి. 14 అడుగుల దూలం మధ్యలో దారం కంటే ముప్పావు అంగుళానికి మించి కిందికి వంగితే దాన్ని మార్పుల జాబితాలో రాయండి. ఇంటి నాలుగు వాలులూ మండువా వైపు కలిసే లోమూలలు నాలుగూ తప్పకుండా ఎక్కి చూడాలి. వాన అంతా అక్కడికే చేరుతుంది. ఆ మూలల్లో పరిచిన రేకు తుప్పు పడితే కింది కర్ర మీద ఆశ వదులుకోవచ్చు.

ఇప్పుడు ధరలు. నేను ఇక్కడ వేసేవి పద్ధతి చూపడానికే. మీ ఊరి కలప అడితిలో అడిగి మీ ధరలు వేసుకోండి. ఆరంగుళాలకు తొమ్మిదంగుళాల దూలం 14 అడుగులంటే 5.25 ఘనపు అడుగులు. టేకు ఘనపు అడుగు 3,500 అనుకుంటే ఒక్క దూలం 18,375 రూపాయలు. ఇలాంటివి రెండు, 36,750. రెండంగుళాలకు నాలుగంగుళాల వాసాలు 12 అడుగులవి ముప్పై మార్చాలంటే 20 ఘనపు అడుగులు, 70,000. రీపర్లు నాటు కర్రతో, ఘనపు అడుగు 1,800 చొప్పున, 63,000. పెంకు ఒకటి 50 చొప్పున 62,000. దించి మళ్లీ నేయడానికి చదరపు అడుగుకు 60 కూలి, 1,59,000. మొత్తం 3,90,750. ఒక్క కప్పుకే ఇంత. అయినా ఇది కళ్లతో చూసి వేసిన లెక్క కాబట్టి దీన్ని నమ్మవచ్చు. “కప్పుకు ఒక రెండు లక్షలు వేసుకోండి” అన్న మాటను నమ్మలేము.

ఇంట్లో కొంత భాగం మద్రాసు మేడ అయితే, అంటే దూలాల మీద ఇటుకలు నిలువుగా పేర్చి సున్నంతో బిగించినదైతే, పైకెక్కి ఎన్ని పొరలు పోశారో చూడండి. కారినప్పుడల్లా మరో పొర సిమెంటు పోయడం అలవాటు. ఆ బరువంతా పాత దూలాల మీదే. కారుడు ఆపాలంటే ముందు ఆ పొరలు చెక్కి దించాలి. దానికయ్యే కూలి ఎవరూ లెక్కలో వేయరు.

గోడల్లో నాకు అనుమానం కలిగించేది కొత్త రంగు. అమ్మకానికి ముందు వేసిన రంగు కింద ఏముందో చూడాల్సిందే. కింది మూడడుగులు మాత్రమే కొత్తగా సిమెంటు పూత ఉంటే చెమ్మను కప్పిపెట్టారని అర్థం. సున్నం గోడ తేమను బయటికి వదిలేస్తుంది. దాని మీద సిమెంటు పూస్తే తేమ లోపలే చిక్కుకుని, ఆ పూత దాటి మరింత పైకి పాకుతుంది. ఆ సిమెంటు చెక్కించి మళ్లీ సున్నం పూయించాలి. కరక్కాయ, బెల్లం నీళ్లతో గానుగ సున్నం కలిపే మేస్త్రి ఇప్పుడు అరుదు. దొరికినా దూరం నుంచి రావాలి, బస, భోజనం మీదే. కిటికీ పక్కన ఒక అడుగు మేర పూత తీయనివ్వమని అడగండి. తాళం చెవితో గీస్తే ఇటుకల మధ్యది మట్టిలా రాలుతోందా, గట్టిగా నిలుస్తోందా తెలుస్తుంది. మట్టి గోడ చెడ్డదేమీ కాదు, దాని మీద మేడ వేసే ఆలోచన ఉంటేనే చెడ్డది.

అన్నదమ్ములు పంచుకున్న సగం లోగిలిని కొంటున్నవాళ్లకు ఒక హెచ్చరిక. గోడ మధ్యలో కట్టుకుంటారు గానీ కొప్పు మీద నుంచి కిందిదాకా కప్పు ఒకటే. మీ సగం విప్పితే అవతలి సగం కదులుతుంది. రెండు సగాల మధ్య కొత్త రేకు కాలువ, అవతలివాళ్ల పెంకు సర్దడం కూడా మీ ఖర్చులోనే పడతాయి. ముందు వాళ్లతో మాట్లాడి, ఒప్పుకుంటారో లేదో చూసి, ఆ తర్వాతే ధర మాట్లాడండి.

మిగిలినవి త్వరగా చెబుతాను. కరెంటు తీగలు పాతవి ఒక్కటీ ఉంచకండి, మొత్తం కొత్తగా వేయించే లెక్కే కట్టండి. చెదకు గోడ, నేల కలిసే చోట అడుగుకొక రంధ్రం చొప్పున మందు పోస్తారు, కాబట్టి గోడల పొడవు కొలిస్తే ఖర్చు తెలుస్తుంది. స్నానాలగదులకు సెప్టిక్ ట్యాంకు కావాలి, దాని ఇంకుడు గుంట తాగే నూతికి 60 అడుగుల దూరంలో ఉండాలి, చిన్న పెరడైతే ఇదే పెద్ద చిక్కు. సందులోకి లారీ రాకపోతే ఇసుక, ఇటుక మోతకూలి విడిగా వేయండి.

అన్నీ కూడాక అనుకోని ఖర్చులు. కొత్త కట్టడాల ఎస్టిమేటులో మేం మూడు నుంచి ఐదు శాతం వేసేవాళ్లం. పాత ఇంటికి నేను 30 శాతం వేస్తాను. పెంకు నాలుగు తీసి చూడనివ్వని అమ్మకందారు ఇంటికి 40. లెక్క 12 లక్షలు తేలితే 15 లక్షల 60 వేలు చేతిలో ఉన్నప్పుడే దిగండి. ఆంధ్రప్రదేశ్‌లో రిజిస్ట్రేషన్‌కు స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, ఫీజు కలిపి 7.5 శాతం దీనికి అదనం.

ధర మాట్లాడే ముందు పాత కలప వ్యాపారిని ఒకరిని ఇంటికి పిలిచి, విప్పుకుపోతే ఎంతిస్తారో అడగండి. స్తంభాలు, ద్వారబంధాలు, దూలాలు చూసి ఆయన చెప్పే మొత్తానికి స్థలం విలువ కలిపితే అమ్మకందారు దిగగల అట్టడుగు ధర అదే. అంతకంటే తక్కువకు బేరమాడి సమయం వృథా చేసుకోకండి. మరోవైపు మీరు ఇచ్చే ధరలో స్థలం విలువ పోగా మిగిలినది, దానికి మరమ్మతు లెక్క కలిపితే, అంతే విస్తీర్ణంలో కొత్త ఇల్లు కట్టే ఖర్చును దాటుతోందేమో చూడండి. దాటినా కొనవచ్చు, తాతగారి ఇల్లు అయితే నేనూ కొంటాను. ఆ తేడాను మాత్రం “మమకారం” అని విడి పద్దు కింద రాయండి, మరమ్మతుల్లో కలిపేయకండి.

అడ్వాన్సు కాగితం రాసుకునే రోజు ఇంట్లో బిగించి ఉన్నవన్నీ పేరుపేరునా అందులో రాయించండి: స్తంభాలు ఎన్ని, చెక్కడం ఉన్న సింహద్వారం, లోపలి తలుపులు, కిటికీ చువ్వలు, ఉయ్యాల గొలుసులు, నూతి గిలక, నేలకు పరిచిన రాళ్లు, విడిగా పేర్చిన పెంకుల లెక్కతో సహా. ఫోటోలు తీసి, వాటి వెనక ఇద్దరి సంతకాలు పెట్టించండి. అడ్వాన్సుకూ రిజిస్ట్రేషన్‌కూ మధ్య నెలల్లో సింహద్వారం మాయమైన ఇళ్లు నాకు తెలుసు.