సిమ్ రౌటర్ నెమ్మదించిందా? లోపం ఏ వైపు ఉందో ముందు తేల్చుకోండి

4జీ లేదా 5జీ సిమ్ వేసి ఇంట్లో వాడుకునే రౌటర్ నెమ్మదిస్తే చాలామంది ముందుగా కొనేది వైఫై ఎక్స్‌టెండర్ (రౌటర్ వైఫైని అందుకుని ఇంకాస్త దూరం పంపే పెట్టె). చాలాసార్లు ఆ డబ్బు వృథా అవుతుంది. సిగ్నల్ గాలిలో రెండుసార్లు ప్రయాణిస్తుంది: టవర్ నుంచి రౌటర్‌కు ఒకసారి, రౌటర్ నుంచి మీ ఫోన్‌కు ఇంకోసారి. మొదటి దారి బాగాలేనప్పుడు రెండోదాన్ని ఎంత బాగుచేసినా వేగం పెరగదు. ఏమైనా కొనే ముందు లోపం ఎక్కడుందో తేల్చాలి.

ఇందుకు కావలసింది ఒక లాప్‌టాప్, ఒక లాన్ కేబుల్. లాప్‌టాప్‌లో వైఫై ఆపేసి కేబుల్‌తో రౌటర్‌కు కలపండి. మిగతా ఫోన్లు, టీవీలు నెట్ నుంచి తీసేసి స్పీడ్ టెస్ట్ చేయండి. ఉదయం, మధ్యాహ్నం, రాత్రి 8–10 గంటల మధ్య మూడేసి సార్లు చేసి అంకెలు రాసుకోండి. ఆ వెంటనే మీరు రోజూ కూర్చునే చోట వైఫై మీద అదే పరీక్ష చేయండి. కేబుల్ మీద 60 ఎంబీపీఎస్ వచ్చి వైఫై మీద 15 వస్తే లోపం ఇంట్లోనే ఉంది. రెండింటి మీదా 12 దగ్గరే ఉంటే టవర్ వైపు చూడాలి. కేబుల్ మీద ఎప్పుడు చూసినా 90–95 దగ్గరే ఆగిపోతుంటే సిగ్నల్‌ను అనుమానించకండి. కేబుల్‌లో ఒక జత తీగ తెగి ఉంటుంది, లేదా ఆ పోర్టే 100 ఎంబీపీఎస్ రకం అయి ఉంటుంది.

టవర్ వైపు

రౌటర్ మీద వెలిగే సిగ్నల్ గీతలను నమ్మకండి. అవి బలాన్ని ఉజ్జాయింపుగా చెబుతాయే తప్ప శుభ్రతను చెప్పవు. బ్రౌజర్‌లో రౌటర్ సెట్టింగ్స్ పేజీ తెరిచి (చిరునామా, పాస్‌వర్డ్ రౌటర్ అడుగున అంటించిన స్టిక్కర్ మీద ఉంటాయి) సిగ్నల్ వివరాల్లో రెండు అంకెలు వెతకండి. ఆర్ఎస్ఆర్‌పీ (RSRP) అంటే సిగ్నల్ బలం. ఇది మైనస్‌లో ఉంటుంది: –80 డీబీఎం (సిగ్నల్ బలాన్ని కొలిచే ప్రమాణం) అయితే చాలా బాగున్నట్టు, –100 అయితే అంతంత మాత్రం, –110 దాటితే కష్టం. ఎస్ఐఎన్ఆర్ (SINR) అంటే రొద మీద, అంటే అడ్డుపడే ఇతర తరంగాల మీద, సిగ్నల్ ఎంత పైన ఉందో డీబీల్లో చెప్పే కొలత. 20 డీబీ దాటితే అద్భుతం, 13 నుంచి 20 బాగు, సున్నా కంటే కిందికి పోతే ఎన్ని గీతలున్నా నెట్ నత్తనడకే. ఈ రెండింట్లో వేగాన్ని ఎక్కువగా శాసించేది ఎస్ఐఎన్ఆరే. దాన్ని పెంచడమే మీ పని.

ఖర్చు లేని మార్గం చోటు మార్చడం. టవర్ వైపున్న కిటికీ దగ్గర, వీలైనంత ఎత్తులో రౌటర్ పెట్టి, ఒక నిమిషం ఆగి అంకెలు చూడండి. తర్వాత పది సెంటీమీటర్లు పక్కకు జరిపి మళ్లీ చూడండి. ఇది చాదస్తం కాదు. 1800 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 17 సెంటీమీటర్లే; గోడలకు తగిలి తిరిగొచ్చిన తరంగాలు ఒకచోట కలిసి బలపడతాయి, జానెడు పక్కన ఒకదాన్నొకటి చెరిపేస్తాయి. వేడి ఆపే లోహపు పూత ఉన్న అద్దాలు సిగ్నల్‌ను బాగా మింగేస్తాయి కాబట్టి అలాంటి కిటికీ తెరిచి, మూసి తేడా చూడండి. ఎండ నేరుగా పడే చోట మాత్రం పెట్టకండి, వేడెక్కితే రౌటర్ తనే వేగం తగ్గించుకుంటుంది.

కిటికీ దగ్గర కూడా అంకెలు మారకపోతే అప్పుడు బయటి యాంటెన్నా గురించి ఆలోచించాలి. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే, అదీ యాంటెన్నా వల్ల కాదు, కేబుల్ వల్ల. సన్నని ఆర్‌జీ-58 కేబుల్ 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర మీటరుకు దాదాపు 1 డీబీ తినేస్తుంది. అంటే 9 డీబీ లాభమిచ్చే యాంటెన్నాను పది మీటర్ల ఆర్‌జీ-58తో దించితే చేతికి మిగిలేది ఏమీ లేదు. లావుపాటి ఎల్ఎంఆర్-400 రకం అయితే మీటరుకు సుమారు 0.22 డీబీ పోతుంది. ఏ కేబులైనా పొడవు తక్కువ ఉండాలి. యాంటెన్నా నుంచి రెండు కేబుళ్లు రావాలి, రెండూ రౌటర్‌కు బిగించాలి. ఒకటే బిగిస్తే రెండు దారుల్లో వచ్చే డేటాలో ఒక దారి మూసుకుపోతుంది. కనెక్టర్ కూడా చూసి కొనండి. ఎస్ఎంఏ, ఆర్‌పీ-ఎస్ఎంఏ అనే రెండు రకాలు పైకి ఒకేలా ఉంటాయి, మరలు కూడా పట్టేస్తాయి, కానీ నడిమి పిన్ను కలవదు. కొన్ని రౌటర్లలో సెట్టింగ్స్‌లోకి వెళ్లి బయటి యాంటెన్నా అని ఎంచుకుంటే గానీ అది పనిచేయదు.

బిగించాక 10–15 డిగ్రీల చొప్పున తిప్పుతూ, ప్రతిచోటా ఒక నిమిషం ఆగి ఎస్ఐఎన్ఆర్ రాసుకోండి. అత్యధికంగా వచ్చే దిక్కు టవర్ కనిపించే దిక్కే కావాలని లేదు. కనెక్టర్లకు నీరు దిగని టేపు చుట్టండి, కేబుల్ గోడలోకి వెళ్లేముందు కాస్త కిందికి వేలాడేలా వంపు వదలండి, లేకపోతే వాన నీరు కేబుల్ వెంట లోపలికి వస్తుంది. పిడుగుల కోసం ఎర్తింగ్ తప్పనిసరి. కేబుల్ చాలా దూరం లాగాల్సి వస్తే మోడెమ్, యాంటెన్నా ఒకే పెట్టెలో ఉండే అవుట్‌డోర్ యూనిట్ మేలు: కిందికి వచ్చేది లాన్ కేబులే కాబట్టి 100 మీటర్ల వరకు సిగ్నల్ నష్టం బెడద లేదు. సిగ్నల్ బూస్టర్ల జోలికి పోకండి. అనుమతి లేకుండా వాడటం చాలా దేశాల్లో నిషిద్ధం, పక్కవాళ్ల సిగ్నల్ కూడా పాడవుతుంది.

ఎస్ఐఎన్ఆర్ బాగానే ఉండి రాత్రిపూట మాత్రమే వేగం పడిపోతుంటే టవర్ మీద రద్దీ ఎక్కువైంది. దానికి యాంటెన్నా మందు కాదు. రౌటర్‌లో బ్యాండ్ (సిగ్నల్ వచ్చే తరంగాల శ్రేణి) ఎంచుకునే వీలుంటే 700–900 మెగాహెర్ట్జ్ బ్యాండ్ వదిలి, పై బ్యాండ్లు ప్రయత్నించండి. కింది బ్యాండ్లు దూరం పోతాయి, గోడలు దాటతాయి, కానీ అక్కడ మోసే సామర్థ్యం తక్కువ. ఒకే బ్యాండ్‌కు బిగించేస్తే రెండు మూడు బ్యాండ్లు కలిపి వాడే సౌకర్యం పోవచ్చు, కాబట్టి ముందూ వెనకా వేగం కొలిచి చూడండి. ఏదీ పనిచేయకపోతే ఇంకో కంపెనీ సిమ్ వేసి చూడటమే.

ఇంటి లోపల

సిమ్ రౌటర్‌కు మంచి చోటు కిటికీ, వైఫైకి మంచి చోటు ఇంటి మధ్య. ఈ రెండింటినీ ఒకే పెట్టెతో సాధించాలని చూడకండి. రౌటర్‌ను కిటికీ దగ్గరే ఉంచి, లాన్ కేబుల్ లాగి ఇంటి మధ్యలో ఇంకో వైఫై రౌటర్ పెట్టండి. దాన్ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లోకి (సొంత నెట్‌వర్క్ పెట్టకుండా వైఫై మాత్రమే పంచే పద్ధతి) మార్చడం మరవద్దు. అలా మార్చకపోతే రెండు వేర్వేరు నెట్‌వర్కులు తయారై ప్రింటర్, టీవీ ఫోన్‌కు కనిపించవు.

వైఫై బ్యాండ్లలో 5 గిగాహెర్ట్జ్ వేగమైనది, ఒకటి రెండు గోడలు దాటేసరికి నీరసిస్తుంది. 2.4 గిగాహెర్ట్జ్ దూరం పోతుంది కానీ ఇరుగుపొరుగు వైఫైలతో కిక్కిరిసి ఉంటుంది. అందులో 1, 6, 11 ఛానెళ్లలో ఖాళీగా ఉన్నది ఎంచుకుని, ఛానెల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్‌లోనే ఉంచండి. రౌటర్‌ను అద్దం వెనక, ఫ్రిజ్ పక్కన, చేపల తొట్టి దగ్గర పెట్టకండి. రౌటర్‌కు యూఎస్‌బీ 3.0 డ్రైవ్ గుచ్చితే 2.4 గిగాహెర్ట్జ్‌లో రొద పుడుతుంది, ఇది చాలామంది గమనించరు.

కేబుల్ లాగడం అసలు కుదరకపోతేనే ఎక్స్‌టెండర్. దాన్ని సిగ్నల్ అందని గదిలో పెడితే అది పట్టుకోవడానికి అక్కడ ఏమీ ఉండదు. రౌటర్‌కూ ఆ గదికీ సగం దూరంలో పెట్టాలి. ఒకే రేడియోతో అందుకుని అదే రేడియోతో పంపే రకం అయితే వేగం సుమారు సగానికి పడిపోతుంది, కాబట్టి రెండు బ్యాండ్లున్నదే తీసుకోండి.