చుక్కాని ఎత్తేశాక పడవ మాట వినడం లేదా? లోపం ఇలా పట్టుకోండి

420 లాంటి, ఇద్దరు నడిపే రెండు తెరచాపల చిన్న పడవ మీద కొంత చేయి తిరిగాక, చుక్కాని పైకెత్తి తెరచాపలతోనే నడపమంటారు కోచ్‌లు. మొదట్లో పడవ తనకు తోచిన వైపుకు పోతున్నట్టే ఉంటుంది. కానీ దాని లెక్క దానికి ఉంది. పడవ మధ్య నుంచి నీళ్లలోకి దిగిన పలకను, అంటే సెంటర్‌బోర్డును ఇరుసు అనుకోండి. దానికి ముందున్న చిన్న తెరచాప జిబ్ మీద గాలి పడితే ముక్కు గాలి పోయే వైపుకు తిరుగుతుంది. వెనకున్న పెద్ద తెరచాప మెయిన్ మీద పడితే వెనక భాగం అటు జరిగి, ముక్కు గాలికి ఎదురు తిరుగుతుంది. మూడోది పడవ ఒరుగుడు. చాలామంది తాళ్లతో కుస్తీ పడతారు కానీ దీన్ని చూడరు.

గంటకు 10-15 కిలోమీటర్ల గాలి చాలు. గాలి పక్క నుంచి తగిలేలా మొదలుపెట్టండి. మెయిన్ అడుగున ఉండే అడ్డ కర్ర బూమ్‌ను కిందికి పట్టి ఉంచే వాంగ్ తాడు వదులు చేయండి. సెంటర్‌బోర్డు పావు వంతు పైకి లాగితే ఇరుసు వెనక్కి జరిగి, గాలికి ఎదురెక్కే గుణం తగ్గుతుంది.

సమస్య: ముక్కు పదేపదే గాలికి ఎదురు తిరుగుతోంది

అన్నిటికంటే ఎక్కువగా వచ్చేది ఇదే. మెయిన్ బిగిసిందని అందరూ అంటారు. నిజమే కావచ్చు, కానీ ముందు పడవ ఒరిగిందేమో చూడండి. గాలి పోయే వైపుకు ఒరిగితే తెరచాప లాగుడు పడవ నడిమి గీతను దాటి బయటికి పోతుంది. నీళ్లలో మునిగిన పక్క వంపు కూడా ముక్కును గాలి వైపే తోస్తుంది. అప్పుడు తాళ్లు ఎంత సర్దినా లాభం తక్కువ.

ముందు ఇద్దరూ గాలి వచ్చే వైపు అంచు మీదికి జరిగి పడవను సమం చేయండి. తర్వాత మెయిన్ తాడు జానెడు వదలండి. మాస్ట్ (తెరచాప నిలువు కర్ర) పక్కన గుడ్డ కొద్దిగా పొంగి వణకడం మొదలైతే సరిపోయింది, మొత్తం పటపటలాడనివ్వొద్దు. అప్పటికీ తిరుగుతుంటే జిబ్ ఒక బెత్తెడు లాగండి. ఇంకా లొంగలేదా, మీరిద్దరూ ఎక్కడ కూర్చున్నారో చూసుకోండి. బరువంతా ముందుంటే ముక్కు నీళ్లలోకి దిగి, ఇరుసు ముందుకు పోతుంది. ఒక అడుగు వెనక్కి జరగండి.

హుస్సేన్ సాగర్‌లో వానాకాలపు గాలి చుట్టూ ఉన్న భవనాల మీదుగా దూకి, విసురుగా వస్తుంది. నీళ్ల మీద నల్లటి మరక పాకుతూ వస్తోందంటే అది విసురే. మీదికి వచ్చేదాకా ఆగకుండా, మరక పడవను తాకే లోపే మెయిన్ వదలడం మొదలుపెట్టాలి.

సమస్య: ముక్కు గాలికి దూరంగా పోతోంది, మళ్లీ రావడం లేదు

జిబ్ తాడు క్లీట్‌లో (తాడును కదలకుండా పట్టే బిగింపులో) బిగించి మరిచిపోయి ఉంటారు. పూర్తిగా వదిలేయండి. పడవను గాలి పోయే వైపుకు కాస్త ఒరగనిచ్చి, మెయిన్‌ను నిదానంగా లాగండి. ఒక్కసారిగా లాగితే పడవ తిరగకుండా వేగం చచ్చి పక్కకు జారుతుంది. ఆలస్యం చేస్తే గాలి వెనక్కి చేరి బూమ్ ఒక్క ఊపున ఇటు తిరగొచ్చు. తల జాగ్రత్త.

సమస్య: పాములా వంకర్లు పోతోంది

ఇది తెరచాప తప్పు కాదు, చేతి తప్పు. ముక్కు కదిలాక కూడా సర్దుతూనే ఉంటే అది అవతలి వైపుకు దాటిపోతుంది. తిరగడం మొదలవగానే చేసిన సర్దుబాటులో సగం వెనక్కి తీసేయాలి. ఇద్దరూ ఒకేసారి తాళ్లు లాగొద్దు. జిబ్‌ను మధ్యస్థంగా బిగించి, మెయిన్ ఒకరే చూడాలి, రెండోవారు బరువు చూసుకోవాలి.

1895లో బోస్టన్ నుంచి బయలుదేరి, 1898లో ఒంటరిగా ప్రపంచాన్ని చుట్టొచ్చిన జాషువా స్లోకమ్ చుక్కాని కట్టేసి, తెరచాపలు సర్ది, పడవను చాలాసేపు దాని మానాన వదిలేసేవాడట. ఆయన ‘స్ప్రే’ దాదాపు 11 మీటర్ల పొడవుండే బరువైన పడవ, కింద నిడుపాటి కీల్ (అడుగు దూలం). మీది 4.2 మీటర్లది, ఒక్క క్షణం కూడా కుదురుగా ఉండదు. పోల్చుకుని దిగులు పడకండి.

సమస్య: ట్యాక్ (ముక్కును గాలికి ఎదురుగా దాటించి అవతలి వైపుకు తిప్పడం) మధ్యలో ఆగిపోయి, తెరచాపలు కొట్టుకుంటున్నాయి

వేగం చాలకుండా తిప్పారు. ఇప్పుడు పడవ మెల్లగా వెనక్కి పోతుంటుంది. మెయిన్ తాడు పూర్తిగా వదిలేయండి, లేకపోతే అది ముక్కును మళ్లీ గాలిలోకే నెడుతుంది. జిబ్ వెనక మూలను చేత్తో పట్టుకుని ఒక పక్కకు చాచండి. ఎడమకు చాస్తే ముక్కు కుడికి పోతుంది, కుడికి చాస్తే ఎడమకు. ముక్కు బాగా పక్కకు తిరిగాకే జిబ్ వదిలి రెండో వైపు లాగాలి. కాస్త వేగం వచ్చాక మెయిన్. తొందరపడి మెయిన్ ముందు లాగితే మళ్లీ మొదటికి వస్తారు.

సమస్య: గాలి వెనక నుంచి ఉన్నప్పుడు అదుపు లేదు

ఇక్కడ తాళ్ల ప్రభావం తక్కువ, ఒరుగుడుదే పెత్తనం. పడవను ఏ పక్కకు ఒరగనిస్తే ముక్కు దాదాపు దాని ఎదురు పక్కకు పోతుంది. గాలి ఎక్కువుంటే ఈ అభ్యాసం పెట్టుకోవద్దు.

లేజర్, ఆప్టిమిస్ట్ లాంటి ఒంటి తెరచాప పడవల్లో జిబ్ లేదు కాబట్టి మెయిన్, ఒరుగుడు, కూర్చునే చోటు, ఇవే దిక్కు.

చుక్కాని అభ్యాసానికి ఎత్తింది కాక నిజంగానే విరిగితే, గట్టు గాలి పోయే వైపున ఉందా చూడండి. ఉంటే మెయిన్ దించేసి, జిబ్ ఒక్కదానితో నెమ్మదిగా అటు పోవచ్చు. వెనక కూర్చున్నవారు తెడ్డును నీళ్లలో నిలువుగా పట్టుకుంటే అదే చుక్కాని పని చేస్తుంది.